సాగు లెక్క, సాగు చదువు

అన్నపూర్ణ అని పేరు మోసిన గోదావరి డెల్టాకు 2008 దాకా సొంత వ్యవసాయ కళాశాల లేదు. ఆ ఏడాది రాజమహేంద్రవరంలో ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద కళాశాల మొదలయ్యేసరికి ధవళేశ్వరం ఆనకట్టకు 156 ఏళ్లు నిండాయి. అంతకు ముందు ఇక్కడి కుర్రవాడు బీఎస్సీ అగ్రికల్చర్ చదవాలంటే బాపట్ల వెళ్లాలి. 1945కు ముందు తరాలకైతే అదీ లేదు, కోయంబత్తూరు రైలెక్కాల్సిందే. కానీ పొలాన్ని కొలవడం, కొలిచింది రాసిపెట్టడం, రాసినదాన్ని బట్టి సాగు తీరు మార్చుకోవడం మాత్రం ఈ గడ్డ మీద కళాశాలకన్నా ఎంతో ముందే మొదలయ్యాయి. ఇవాళ విశ్వవిద్యాలయాలు డేటా ఆధారిత సేద్యం పేరుతో చెబుతున్న పాఠానికి ఇక్కడ నూటయాభై ఏళ్ల పూర్వరంగం ఉంది. అందులో గర్వపడాల్సినవి చాలానే ఉన్నాయి. సిగ్గుపడాల్సిన లోపం ఒకటుంది, అది ఇప్పటికీ తీరలేదు.

1830ల కరువులతో, 1839లో కోరంగిని ముంచేసిన తుపానుతో గోదావరి ప్రాంతం చితికిపోయింది. 1844లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టాలంటూ పంపిన నివేదిక ప్రధానంగా లెక్కల వాదన. నది ఎంత నీరు మోస్తుంది, ఎన్ని ఎకరాలు తడుస్తాయి, సర్కారుకు శిస్తు ఎంత పెరుగుతుంది అన్నవే అందులో ముఖ్యం. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. అప్పటి నుంచి ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చదవడం డెల్టా బతుకులో భాగమైపోయింది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక గ్రామాల్లో బడి ముఖం చూడని ముసలివాళ్లు కూడా ఈ అంకెలు చెబుతారు. 1986 ఆగస్టులో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్ని ఇక్కడ తరాల గుర్తుగా వాడతారు.

నీటి లెక్క ఇంజనీర్లదైతే, పంట లెక్క కరణానిది. ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎంత విస్తీర్ణం, నీటి వనరేది, అనుభవంలో ఉన్నదెవరు, అన్నీ అడంగల్‌లో ఎక్కేవి. పొలం గట్టున నిలబడి రాసిన కరణాలూ ఉన్నారు, అరుగు మీద కూర్చుని నిరుటిది నకలు దించినవాళ్లూ ఉన్నారు. రాసేవాడి కలం ఎటు వంగితే లెక్క అటు వంగేది. 1984లో కరణీకాలు రద్దయినా అడంగల్ రద్దు కాలేదు.

శాస్త్రం ఈ నేల మీద కాలుపెట్టింది వరి కోసం కాదు, చెరకు కోసం. ఎర్రకుళ్లు తెగులు గోదావరి చెరకును తుడిచిపెడుతుంటే మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ ఆ సమస్య మీద పనిచేశాడు. ఆ క్రమంలోనే 1902లో సామర్లకోటలో ప్రయోగ క్షేత్రం వెలిసింది. చదువు మాత్రం దూరంగానే ఉండిపోయింది. సైదాపేటలో నడిచిన వ్యవసాయ పాఠశాల 1906లో కోయంబత్తూరుకు తరలి కళాశాల అయింది. పంట, తెగులు ఇక్కడ. వాటిని చదివే గది అక్కడ.

1925లో మారుటేరులో వరి పరిశోధన కేంద్రం ఏర్పడింది. వంగడాల పేర్లలోని ఎంటీయూ అనే మూడక్షరాలు ఆ ఊరివే. ఒక వంగడం బయటికి రావడానికి పదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. సంకరం చేసిన గింజను తరం తరువాత తరం వేసి, వరుసవరుసకీ ఎత్తు, పిలకలు, కంకి పొడవు, వెయ్యి గింజల బరువు, తెగులు మచ్చలు రాసుకుంటూ, వేలల్లోంచి పదుల్ని మిగుల్చుకుంటారు. కంప్యూటర్ లేని రోజుల్లో అదంతా బురదకాళ్లతో నోటుబుక్కులో సాగిన పని. వశిష్ఠ, మషూరిల సంకరంతో పుట్టిన ఎంటీయూ 7029ని 1982లో స్వర్ణ పేరుతో విడుదల చేశారు. తక్కువ నత్రజనితోనూ దిగుబడి తగ్గని ఈ విత్తనం డెల్టా దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్‌లకూ, సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కూ పాకింది. తర్వాత వచ్చిన ఎంటీయూ 1010కి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు. ఇంజనీరు పేరు విత్తనానికి దక్కడం గోదావరి వాళ్లకే చెల్లింది.

స్వర్ణ కథ అక్కడితో ఆగలేదు. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఎ అనే పాత వరిలో ముంపును ఓర్చుకునే సబ్-1 జన్యువు ఉందని తేలింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ జన్యువును స్వర్ణలోకి తెచ్చారు. ఈసారి మొక్క పెరిగి ఈనే దాకా ఎదురు చూడలేదు, డీఎన్ఏ గుర్తుల్ని బట్టి నారు దశలోనే ఏరుకున్నారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్-1 దాదాపు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. మారుటేరు నోటుబుక్కుకూ మనీలా దగ్గరి ప్రయోగశాలకూ మధ్య దూరం పాతికేళ్లు.

ఇక 1960. ఫోర్డ్ ఫౌండేషన్ సహకారంతో కేంద్రం మొదలుపెట్టిన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకానికి దేశం మొత్తం మీద మొదట ఎంపికైన ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. దాన్ని ప్యాకేజీ ప్రోగ్రాం అనేవారు. విత్తనం, ఎరువు, అప్పు, సలహా కలిపి ఒక్కసారే ఇవ్వడం దాని సూత్రం. నా దృష్టిలో అసలు విశేషం రైతు రైతుకీ విడిగా రాసిన సాగు ప్రణాళిక. పొలం ఎంత, ఏ వంగడం, ఎంత ఎరువు, ఎంత అప్పు, అన్నీ ఒక్క కాగితం మీద ఉండేవి. మట్టి పరీక్షలూ, పంటకోత ప్రయోగాలూ దానికి తోడు. ఇప్పుడు ఫోన్‌లో యాప్ చేస్తానంటున్న పనిని ఆనాడు గ్రామసేవకుడు సైకిలు మీద తిరిగి చేశాడు. ఆ ఊపులోనే 1967లో ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 వరి వేసి మిస్టర్ ఐఆర్ ఎయిట్ అని పేరు తెచ్చుకున్నారు.

అయితే ఆ కాగితం ఎవరి పేరున రాశారు? హరిత విప్లవం మీద 1971లో వెలువడిన తన పుస్తకంలో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్ ఐదు జిల్లాల్ని పరిశీలించింది. అందులో పశ్చిమ గోదావరి ఉంది. దిగుబడి పెరిగింది, ఫలం మాత్రం భూమీ పరపతీ ఉన్నవాళ్లకే ఎక్కువ దక్కింది, కౌలుదారు వెనకబడ్డాడు. అప్పుకు పట్టా కావాలి, పట్టా లేనివాడికి ప్రణాళిక రాసిచ్చి ఏం లాభం? నేను మొదట్లో చెప్పిన లోపం ఇదే.

చదువు సంగతికి వస్తే, 1964లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అమెరికా ల్యాండ్ గ్రాంట్ పద్ధతిలో, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పాటుతో బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. 1996లో దానికి రంగా పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక అది గుంటూరు దగ్గరి లాంకు చేరింది. డెల్టా అంచున వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం, మరుసటి ఏడాది రాజమహేంద్రవరం కళాశాల వచ్చాయి. ఇప్పుడు బీఎస్సీ పాఠ్యప్రణాళికలో జియో ఇన్ఫర్మాటిక్స్, ప్రెసిషన్ ఫార్మింగ్ ఉన్నాయి. లాంలో డ్రోన్ పైలట్లకు శిక్షణ ఇస్తున్నారు. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు సీటు గురించి అడుగుతూ డ్రోన్ కోర్సు ఉందా అనడం కూడా మొదలైంది.

డ్రోన్ మంచిదే, కానీ దోమపోటు దానికి తేలిగ్గా దొరకదు. సుడిదోమ ఆకుల మీద ఉండదు, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చేను పచ్చగానే ఉంటుంది. ఎర్రబడి గుండ్రంగా మాడిన మచ్చ ఫొటోలో కనబడేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. చేలోకి దిగి, దుబ్బును పక్కకు వంచి తట్టి, నీటి మీద పడ్డ పురుగుల్ని లెక్కపెట్టాలి. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 దాటితే మందు. అందుకే నాట్లప్పుడు ప్రతి రెండు మీటర్లకూ ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలమంటారు. చివరి ఏడాది పల్లెలో ఉండి చేసే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో (రావెప్) విద్యార్థికి ఈ లెక్క వంటబడితే, తర్వాత ఏ సెన్సార్ ఏం చెప్పినా నమ్మాలో వద్దో తెలుస్తుంది. భీమవరం వైపు రొయ్యల చెరువు రైతు ఏ డిగ్రీ లేకుండానే పూటపూటకీ ఆక్సిజన్, పీహెచ్ చూసుకుంటాడు. తెల్లారేసరికి చెరువు తేలిపోతుందన్న భయమే అతనికి ప్రొఫెసర్.

లెక్క ఒక్కటే ఉంటే చాలదనడానికీ ఇక్కడే సాక్ష్యం ఉంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కూలి రేట్లు, గిట్టని ధర, పూడిన మురుగు కాల్వలు కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. మురుగు సమస్య మీద 1960ల్లోనే మిత్రా కమిటీ నివేదిక ఇచ్చి ఉంది. లెక్కలు లేక ఆగిన పని కాదది.

2020లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాక ఈ-క్రాప్ నమోదు ఊరూరా చేరింది. అడంగల్ కొత్త అవతారమన్న మాట. పొలం ఫొటో, రైతు వేలిముద్ర, సర్వే నంబరు అన్నీ ఎక్కుతాయి. ధాన్యం కొనుగోలు, పంటల బీమా, నష్ట పరిహారం అన్నీ దాన్ని బట్టే. డెల్టాలో నాగలి, ట్రాక్టరు పట్టేవారిలో ఎక్కువమంది కౌలుదారులు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు సాగు హక్కు కార్డు రావాలంటే భూయజమాని సమ్మతి కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని జంకుతాడు, అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందని రైతు నోరు మెదపడు. అలా పెట్టుబడి ఒకడిదీ, రికార్డు ఇంకొకడిదీ అవుతుంది. ఈ డేటా మీద ఎంత గొప్ప కంప్యూటర్ నమూనా కట్టినా అది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమానికి ఎరువు సలహా పంపుతుంది.

రాజమహేంద్రవరం, బాపట్ల కళాశాలల అధ్యాపకులకు ఒక మనవి. రావెప్‌కు వెళ్లే ప్రతి జట్టు చేతిలోనూ ఒక ఊరి ఈ-క్రాప్ జాబితాను పెట్టి, గట్టు గట్టూ తిప్పి, ఏ చేనును నిజంగా ఎవరు సాగు చేస్తున్నారో రాయించండి. దీనికి డ్రోన్ అక్కర్లేదు, ఒక్క సార్వా చాలు.