ఉక్కు మూసలు - ఉష్ణవాహకత

ఒక పదార్థము తన గుండా వేడిమిని ఎంత సులభముగా పోనిచ్చునో తెలుపు గుణమునకు ఉష్ణవాహకత యని పేరు. మీటరునకు, డిగ్రీకి లెక్కింపగా రాగికిది సుమారు 400 వాట్లు. మామూలు ఇటుకకు ఒక వాటుకు అటునిటు. ఉష్ణప్రసారమునకు గణితశాస్త్రమును ఫ్రాన్సు దేశీయుడు ఫూరియే 1822లో ప్రకటించెను. ఆ దినములలోనే మన ఉత్తర తెలంగాణమున కమ్మరులు ఏ పరికరమును లేకయే ఈ సమస్యను చేతితో సాధించుచుండిరని మేము విన్నవించుచున్నాము.

కరీంనగరు సరిహద్దునకు చేరువగా, నిజామాబాదు జిల్లాలో నున్న కోనసముద్రమున ఉక్కు చేయు విధమును గూర్చి భూగర్భశాస్త్రజ్ఞుడు వాయిసీ వ్రాసిన వ్యాసము 1832లో అచ్చయినది. ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతి బిగించి, తిత్తులతో గాలి కొట్టుచు సుమారొక దినము కాల్చెడివారు. ఆ ఉక్కుకై పారశీక వర్తకులు అంత దూరము నుండి వచ్చుచుండిరి. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ఇబ్రహీంపట్నమునను ఈ పని సాగెను.

ఇందలి చిక్కంతయు మూస గోడలోనే యున్నది. గోడ మందమైనచో వేడిమి లోనికి చేరుట ఆలస్యమగును. పలుచనైనచో ఇనుము కరగక మునుపే మూస కూలును. కమ్మరులు మట్టిలో వరి ఊక కలిపిరి. ఊక మాడి బొగ్గగును. దానిలోని ఇసుకసారము గోడకు అస్థిపంజరమువలె నిలుచును. అయితే ఊక విడిచిన సందులు వేడిమి నడకను మందగింపజేయును. ఎంత ఊక, ఎంత మందము అనునది అనుభవమే నిర్ణయించెను.

కాలిన మూసకు వెలుపల బూడిద కరిగి గాజుపొర యేర్పడును. ఇట్టి పలుచని పొరల వాహకతను కొలుచుట చిరకాలము కష్టముగ నుండెను. ఏలయన, పొర క్రింది ఆధారపు ప్రభావము పొర ప్రభావమును కప్పివేయును. డేవిడ్ కాహిల్ 1990లో వివరించిన పద్ధతిలో నునుపు చేసిన తలముపై సన్నని లోహపు పట్టీ నమర్చి ఏకాంతర విద్యుత్తును పంపుదురు. ఆ పట్టీయే పొయ్యి, అదియే ఉష్ణమాపకము. వేడితో దాని నిరోధము మారగా, మూడు రెట్ల పౌనఃపున్యము గల చిన్న విద్యుత్తరంగము పుట్టును. దానినుండి వాహకత తేలును. నేడు సూక్ష్మ ఎలక్ట్రానిక్ పరికరముల పొరలను ఇట్లే పరీక్షించుచున్నారు.

2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థయు, ఎక్సెటర్ విశ్వవిద్యాలయమును కరీంనగరు, ఆదిలాబాదు మొదలగు జిల్లాలలో లోహపు పనుల జాడలను సర్వే చేసెను. కమ్మరులు తమ విద్యను వ్రాసి పెట్టలేదు. మనకు మిగిలినవి మూస పెంకులే. పొలము చదునుకో, బాట మెరకకో ఆ దిబ్బలు తరలిపోయినచో, కొలుచు సాధనము మన చేత నున్నను కొలువవలసిన వస్తువు మిగులదు.