వదిలేసిన ఓడ, వెనక్కి తెచ్చిన పదహారు మంది

ఐర్లండ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి పచ్చని కొండలు, తెరిపివ్వని వాన, డబ్లిన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు. నేనూ ఈ దేశానికి వచ్చింది ఉద్యోగం కోసమే. పదేళ్ళు ఉన్నాక గానీ ఈ దేశపు పడమటి తీరానికి ఒక యుద్ధ చరిత్ర ఉందని తెలియలేదు. తెలిశాక మనవాళ్ళతో పంచుకోకుండా ఉండలేకపోయాను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ ఎవరి పక్షానా చేరలేదు. ఇక్కడ ఆ కాలాన్ని యుద్ధం అని కూడా అనరు, "ఎమర్జెన్సీ" అంటారు. ఆ మాట వింటే మనకి 1975 గుర్తొస్తుంది, వీళ్ళకి 1939 నుంచి 1945 దాకా గడిచిన రోజులు గుర్తొస్తాయి. దేశం తటస్థంగా ఉండొచ్చు గానీ, దాన్ని చుట్టుకున్న సముద్రం తటస్థంగా ఉండదు కదా! 1940 జులై 2న అరండోరా స్టార్ అనే ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. అందులో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది బ్రిటన్ బందీలుగా కెనడాకు పంపుతున్న ఇటాలియన్లు, జర్మన్లు. ఎనిమిది వందల మందికి పైగా పోయారు. ఆ ఆగస్టులో వాళ్ళ శవాలు మేయో కౌంటీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఊళ్ళవాళ్ళు పేరు తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ తమ శ్మశానాల్లోనే పూడ్చారు.

యుద్ధం మన తీరాన్నీ వదల్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బాంబులకు భయపడి జనం ఊళ్ళు ఖాళీ చేసిన సంగతి మన పెద్దవాళ్ళు కథలుగా చెప్పేవారు. అందుకే ఈ అట్లాంటిక్ కథ మనకి మరీ పరాయిది కాదు.

టగ్గుల పని

రేవులో పెద్ద ఓడలను లాగే చిన్న, బలమైన పడవ టగ్గు. మన విశాఖ రేవులో చూసినవాళ్ళకి తెలుసు. యుద్ధకాలంలో వీటికి ఇంకో పని పడింది. టార్పెడో దెబ్బ తిన్న ఓడనో, బాంబు పడి కాలుతున్న ఓడనో నడిసముద్రంలో వెతికి పట్టుకుని, మోకు కట్టి, ఒడ్డుకు లాక్కురావాలి. మునిగేటట్టు ఉంటే ఇసుక మేట మీదికి ఎక్కించాలి. లాగుతున్నప్పుడు వేగం గంటకు నాలుగైదు మైళ్ళు దాటడం కష్టం. పైన విమానాలు, కింద జలాంతర్గాములు. అంత నెమ్మదిగా కదిలేదాన్ని గురి చూడడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు.

1940 అక్టోబరు 26న ఐర్లండ్ వాయవ్య దిశలో ఎంప్రెస్ ఆఫ్ బ్రిటన్ అనే 42 వేల టన్నుల ప్రయాణికుల ఓడ మీద జర్మన్ కాండర్ విమానం బాంబులు వేసింది. ఓడ అంటుకుంది. చాలామందిని దించేశారు. మరాడర్, థేమ్స్ అనే రెండు టగ్గులు వచ్చి ఆ కాలుతున్న కొండను లాగడం మొదలుపెట్టాయి. 28 తెల్లవారకముందే యు-32 జలాంతర్గామి టార్పెడోలు వదిలింది. అంత ఓడా మునిగిపోయింది. 1941 జనవరిలో సీమన్ అనే టగ్గు తన చిన్న తుపాకులతోనే ఒక కాండర్ విమానాన్ని కూల్చింది. అదే నెలలో టోరీ ద్వీపం దగ్గర ఇంగ్లిష్‌మన్ అనే టగ్గును విమానమే ముంచింది. టగ్గుల లెక్క అలా ఉండేది: ఒక రోజు గెలుపు, ఒక రోజు ఓటమి.

ఎంప్రెస్ మునిగిన అక్టోబరు 28నే కెనడాలోని హాలిఫాక్స్ రేవు నుంచి ఎచ్‌ఎక్స్ 84 అనే కాన్వాయ్ బయల్దేరింది. అందులోని ఒక ట్యాంకరు గురించే ఈ వ్యాసం.

నవంబరు 5 సాయంత్రం

ఆ ట్యాంకరు పేరు శాన్ డిమిట్రియో. 1938లో కట్టిన ఓడ, గ్రాస్ టన్నేజి 8,073, ఈగిల్ ఆయిల్ కంపెనీది. కడుపులో 11,200 టన్నుల విమాన పెట్రోలు. కాన్వాయ్‌లో ఉన్నవి 38 దాకా వాణిజ్య నౌకలు. వాటన్నిటికీ కాపలాగా ఉన్నది ఒక్కటే ఓడ, జెర్విస్ బే. అదీ యుద్ధనౌకగా పుట్టింది కాదు, ప్రయాణికుల ఓడకు పాత ఫిరంగులు బిగించారంతే.

నవంబరు 5 సాయంత్రం జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ షీర్ కనిపించింది. దాని ఫిరంగుల నోళ్ళు 11 అంగుళాలవి, జెర్విస్ బేవి 6 అంగుళాలవి. కెప్టెన్ ఫోగర్టీ ఫీగెన్ ఐర్లండ్‌లోని టిపరరీకి చెందిన కుటుంబంవాడు. చెల్లాచెదురు కమ్మని కాన్వాయ్‌కి చెప్పి, తన ఓడను నేరుగా షీర్ మీదికి నడిపాడు. గెలుస్తానని కాదు, చీకటి పడేదాకా ఆపగలిగితే చాలునని. ఓడ మునిగింది, ఆయనా పోయాడు. తరువాత విక్టోరియా క్రాస్ ఇచ్చారు. షీర్ ముంచగలిగింది కాన్వాయ్‌లో ఐదు వాణిజ్య నౌకలనే. తక్కినవి చీకట్లో కలిసిపోయాయి.

సరిగ్గా అదే రోజు లండన్ పార్లమెంటులో చర్చిల్ మాట్లాడుతూ, ఐర్లండ్ దక్షిణ, పశ్చిమ రేవులు తమ నౌకాదళానికి అందకపోవడం పెద్ద భారమని ఆక్షేపించారు. కోవ్, బేర్‌హేవెన్, లాక్ స్విల్లీ రేవులను బ్రిటన్ 1938లోనే ఐర్లండ్‌కి తిరిగి ఇచ్చేసింది. నవంబరు 7న డి వలేరా డబ్లిన్‌లో జవాబిచ్చారు: రేవులు ఇవ్వం. ఎవరిది న్యాయం అన్న వాదన ఈనాటికీ ఉంది. బ్రిటన్ పాలన కింద మనమూ ఉన్నవాళ్ళమే కాబట్టి, కొత్తగా స్వతంత్రమైన దేశం తన రేవుల విషయంలో ఎందుకంత గట్టిగా ఉందో మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నాయకులు మాట్లాడుకున్న ఆ రెండు రోజుల మధ్యలో అట్లాంటిక్‌లో ఒక లైఫ్‌బోటులో పదహారు మంది తడిసి ముద్దయి ఉన్నారు.

పెట్రోలు ఓడలోకి మళ్ళీ

శాన్ డిమిట్రియోకి గుండ్లు తగలగానే కెప్టెన్ వెయిట్ ఓడ వదిలేయమని ఆజ్ఞాపించాడు. పదకొండు వేల టన్నుల పెట్రోలు మీద నిలబడి ఉన్న కెప్టెన్ అంతకన్నా ఏం చెప్పగలడు? కెప్టెన్‌తో ఉన్నవాళ్ళను మరో ఓడ ఎక్కించుకుని న్యూఫౌండ్‌లాండ్ చేర్చింది. సెకండ్ ఆఫీసర్ ఆర్థర్ హాకిన్స్, చీఫ్ ఇంజనీర్ చార్లెస్ పొలార్డ్ ఉన్న లైఫ్‌బోటు మాత్రం విడిపోయింది.

మర్నాడు దూరంగా ఒక ఓడ కనిపించింది. దగ్గరికి వెళ్తే అది తమ శాన్ డిమిట్రియోనే, ఇంకా కాలుతోంది. సముద్రం పోటు మీద ఉంది, పెట్రోలు ఎప్పుడు పేలుతుందో తెలియదు. ఎక్కలేదు. ఆ రాత్రి మళ్ళీ బోటులోనే చలికి వణుకుతూ గడిపారు. 7వ తేదీన ఓడ మళ్ళీ కనిపించింది. ఈసారి ఎక్కారు. బోటులో ఉంటే చలికి చావడం దాదాపు ఖాయం, ఓడలో చావడం ఖాయమేమీ కాదు. ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ లెక్కలో తప్పు కనిపించదు. కానీ ఆ లెక్క వేసుకుని మండే ట్యాంకరు మీదికి నిచ్చెన పట్టుకుని ఎక్కడం వేరే సంగతి.

ఎక్కాక చూస్తే ఓడ నడిపే బ్రిడ్జి కాలిపోయింది. దిక్సూచి లేదు, చార్టులు లేవు, వైర్‌లెస్ లేదు. గుండ్ల పెంకులు చేసిన రంధ్రాల్లోంచి పెట్రోలు డెక్ మీదికి చిమ్ముతోంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అయినా బకెట్లతో, చేతికి దొరికిన వాటితో మంటలు ఆర్పారు, రంధ్రాలు మూశారు. ఇంజన్‌గదిలోకి పొలార్డ్, థర్డ్ ఇంజనీర్ జార్జ్ విల్లీ దిగారు.

ఓడల డీజిల్ ఇంజన్ మన కారు ఇంజన్‌లాగా తాళం తిప్పితే స్టార్టయ్యేది కాదు. ముందు చిన్న యంత్రాలు నడవాలి, అవి గాలిని నొక్కిపెట్టి నింపాలి, ఆ గాలి సిలిండర్లలోకి వదిలితే పెద్ద ఇంజన్ కదులుతుంది. చల్లబరిచే నీరు, నూనె, ఇంధనం అన్నీ సమయానికి అందాలి. సర్వర్లన్నీ ఒకేసారి పడిపోతే ఏది ముందు లేపాలో తెలిసినవాడికే ఆ వరస విలువ తెలుస్తుంది. మా సర్వర్ల చుట్టూ మాత్రం పెట్రోలు ఆవిరి ఉండదు! ఇద్దరు ఇంజనీర్లూ, వాళ్ళ కింద పనివాళ్ళూ కలిసి చివరికి ఇంజన్‌ను కదిలించారు.

జాన్ బాయిల్ అనే పనివాడు ఓడ వదిలేటప్పుడే బోటులోకి దూకి గాయపడ్డాడు. లోపల ఎంత దెబ్బ తగిలిందో ఎవరికీ తెలియలేదు. ఇంజన్‌గదిలో తన వంతు కాపలా కాశాడు. తరువాత నీరసించి చనిపోయాడు. మిగిలినవాళ్ళు అతన్ని సముద్రానికే అప్పగించారు.

తరువాత వెనకవైపున్న అత్యవసర చుక్కానితో, సూర్యుణ్ణీ నక్షత్రాలనూ చూసుకుంటూ హాకిన్స్ ఓడను తూర్పుకు నడిపాడు. వంటగది లేదు, ఇంజన్‌గది ఆవిరితో బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ ఉడకబెట్టుకుని తిన్నారు. నవంబరు 13న నేల కనిపించింది. అది మేయో కౌంటీలోని బ్లాక్‌సాడ్ బే.

బ్లాక్‌సాడ్ పేరు కొందరు వినే ఉంటారు. 1944 జూన్‌లో అక్కడి లైట్‌హౌస్ పోస్టాఫీసులో పనిచేసే మోరీన్ ఫ్లావిన్ అనే అమ్మాయి కొలిచి పంపిన వాతావరణ వివరాలే నార్మండీ దాడిని ఒక రోజు వాయిదా వేయించాయి. ఆవిడ 2023 డిసెంబరులో నూరేళ్ళ వయసులో పోయారు. తటస్థ దేశపు ఒక మారుమూల రేవు రెండుసార్లు యుద్ధ చరిత్రలో పడింది.

వద్దన్న మోకు

తీరం చేరాక టగ్గు సాయం ఇవ్వబోతే వద్దన్నారు. నవంబరు 16న స్కాట్లండ్‌లోని క్లైడ్ నదికి తమ ఇంజన్ మీదే చేరారు. సుమారు 11,000 టన్నుల పెట్రోలు భద్రంగా దిగింది.

వారం రోజులుగా నిద్ర లేనివాళ్ళు సాయం ఎందుకు వద్దన్నట్టు? పొగరా? కాదు. దాని వెనక సాల్వేజి చట్టం ఉంది. నేల మీద పక్కింటి మంట ఆర్పితే దండం పెడతారు, డబ్బివ్వరు. సముద్రంలో అలా కాదు. ఆపదలో ఉన్న ఓడను తన బాధ్యత కాకపోయినా కాపాడినవాడికి, కాపాడిన ఆస్తి విలువలోంచి బహుమానం ఇవ్వాలని శతాబ్దాలుగా న్యాయం. కాపాడలేకపోతే పైసా రాదు. ఎంప్రెస్‌ను లాగినవాళ్ళ గతి అదే. ఇంకొకరు మోకు అందిస్తే బహుమానంలో వాళ్ళకీ వాటా.

కానీ ఒక చిక్కు. ఓడ సొంత సిబ్బందికి ఈ హక్కు లేదు, ఎందుకంటే ఓడను కాపాడడం వాళ్ళ ఉద్యోగమే. కేసు 1941లో లండన్ అడ్మిరాల్టీ కోర్టుకు వెళ్ళింది. జస్టిస్ లాంగ్టన్ ముందున్న ప్రశ్న ఇదీ: ఆ పదహారు మంది 7వ తేదీన ఓడెక్కినప్పుడు వాళ్ళు సిబ్బందా, కాదా? కెప్టెన్ ఆజ్ఞ ప్రకారం, మళ్ళీ వస్తామన్న ఆశ లేకుండా ఓడ వదిలారు. ఆ క్షణాన ఉద్యోగ ఒప్పందం ముగిసింది. తిరిగి ఎక్కింది స్వచ్ఛందంగా. కాబట్టి హక్కుంది అన్నారు. 14,700 పౌండ్లు ఇప్పించారు. హాకిన్స్‌కి 2,000. చనిపోయిన బాయిల్ వాటా అతని వారసులకు. చిరిగిన రెడ్ ఎన్‌సైన్ జెండాను యాంక్ అని అందరూ పిలిచే ఆస్వాల్డ్ ప్రెస్టన్‌కి ఇప్పించారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఆ తీర్పు. ధైర్యానికి పతకాలు ఇవ్వడం ప్రభుత్వాలకి సులువే. ఇక్కడ కోర్టు అలా పొగిడి ఊరుకోలేదు. మీ కర్తవ్యం 5వ తేదీ సాయంత్రమే తీరిపోయింది, తరువాత చేసింది మీ సొంతం, దానికి వెల ఇంత అని లెక్క కట్టి చెప్పింది. పనివాడి శ్రమనీ త్యాగాన్నీ కలిపేసి "డ్యూటీయే కదా" అని చేతులు దులుపుకోలేదు. ఆ రోజుల్లో బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో పనిచేసేవాళ్ళలో ఇంచుమించు నాలుగో వంతు మన దేశపు లాస్కర్లు. తెల్లవాళ్ళ జీతంలో చిన్న భాగానికి అదే సముద్రంలో అదే టార్పెడోల కింద పనిచేశారు. వాళ్ళ పనికి అలా వెల కట్టినవాళ్ళు తక్కువ. శాన్ డిమిట్రియో మీద 1943లో సినిమా కూడా తీశారు. లాస్కర్ల పేర్లు మాత్రం ఈ రోజుకీ జాబితాల్లో వెతుక్కోవలసిందే.

ఆ ఓడను బాగు చేసి మళ్ళీ సముద్రంలోకి పంపారు. 1942 మార్చి 17న, ఐర్లండ్ అంతా సెయింట్ పాట్రిక్ పండుగ జరుపుకునే రోజున, అమెరికా తూర్పు తీరంలో వర్జీనియా దగ్గర యు-404 దాన్ని ముంచేసింది. ఈసారి వెనక్కి తేవడానికి ఏమీ మిగల్లేదు. కానీ అప్పటికి ఆ పెట్రోలు ఎప్పుడో విమానాల్లోకి ఎక్కి ఖర్చయిపోయింది. పదిహేను మంది బతికి ఇళ్ళకు చేరారు. వాళ్ళు చేసిన పని వాళ్ళదేనని చట్టపు పుస్తకాల్లో ఉంది.