సాహిత్యం మిగిలింది, వరుస ఏదీ?

స్వర్ణోత్సవ సభలో మన పాత ప్రార్థన గీతం పాడాలని పోయిన నెల గద్వాలలో మా బ్యాచ్ వాళ్లం ఏడుగురం కూర్చున్నాం. మన తెలుగు సారు స్వయంగా రాసి, తానే వరుస కట్టి నేర్పిన పాట అది. ఒక మిత్రుని పాత నోటుబుక్కులో మూడు చరణాలూ ఉన్నాయి. పైన ‘మోహన, ఆది’ అని కూడా ఉంది. పల్లవి బాగానే పాడాం. మొదటి చరణం తడబడుతూ గట్టెక్కింది. రెండోదానికి వచ్చేసరికి తలా ఒక రకంగా ఎత్తుకున్నాం. మూడోది ఎవరికీ రాలేదు. సారు ఇప్పుడు లేరు.

“రాగం పేరుంది కదా, ఎట్లనో అట్ల పాడుదాం” అన్నాడు ఒకడు. పాడవచ్చు. కానీ అప్పుడది సారు పాట కాదు, మన పాట అవుతుంది. నేను ఇంజనీరును, గాయకుణ్ని కాను. అయినా ఆ రాత్రి నాకు తోచింది ఇది: ఈ వంద సంవత్సరాల శాస్త్రీయ సంగీత రచనల చరిత్రలో సగం ఈ చిక్కుతోనే ముడిపడి ఉంది.

అన్నమయ్య (1408–1503) సంగతే చూడండి. తిరుమల ఆలయంలో రాగిరేకుల మీద వేల సంకీర్తనలు దొరికాయి. ప్రతి పాటకూ రాగం పేరుంది. స్వరం మాత్రం లేదు. అంటే మనం ఇవాళ కచేరీల్లో, క్యాసెట్లలో విన్న అన్నమయ్య వరుసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) రేకులను పరిష్కరించడమే కాక, కొన్ని కీర్తనలకు స్వరాలు కట్టి ప్రకటించారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి వరుసలు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి ‘బాలాజీ పంచరత్నమాల’ ద్వారా ఇంటింటికీ చేరాయి. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందలాది కీర్తనలకు బాణీలు కట్టారు. మాట ఐదువందల ఏళ్ల నాటిది, పాట మొన్నటిది. ఆధునిక కృతికి ఇదొక ముఖ్య లక్షణం.

దీనికి భిన్నమైన కథ దీక్షితార్ కృతులది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చువేయించారు. స్వరాలతో పాటు గమకాలకు కూడా గుర్తులు పెట్టారు. అందుకే ఆ కృతుల నడక ఎట్లుండేదో చూసుకోవడానికి ఇవాళ ఒక ఆధారం ఉంది. మా భాషలో చెప్పాలంటే ఒకచోట డ్రాయింగ్ దాచారు, ఇంకోచోట పని పేరు మాత్రమే రాశారు.

రెండో లక్షణం, పూర్తిగా కొత్త రచన. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) చిన్న వయసులోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రాశారు. ఈ 72 లెక్క నాకు పాలిటెక్నిక్‌లో తెలిసింది. వనపర్తి రాజావారి భవనంలో నడిచే ఆ కాలేజీలో మా సీనియర్ ఒకాయన మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాడు. షడ్జమ పంచమాలు కదలవు. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరు ఆర్ల ముప్పై ఆరు, రెండింతలు డెబ్బై రెండు. ఈ పట్టికను పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి వేశాడు. వీటిలో 40 వివాది మేళాలు, అంటే పక్కపక్క స్వరాలు ఒరుసుకునేవి. చాలామంది వాటి జోలికి పోరు. బాలమురళి పోయారు. అక్కడితో ఆగక స, రి, మ, ధ అనే నాలుగు స్వరాలతోనే లవంగి రాగం చేశారు. నాలుగు స్వరాలతో రాగమవుతుందా అని వాదోపవాదాలు నడిచాయి. వాదం సంగతి పండితులు చూసుకుంటారు. పాత పట్టికలో ఇంకా ఖాళీలున్నాయని ఆయన చూపించారు. నాకది చాలు.

మూడోది పోషణ మారడం. మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) రాజాస్థానంలో ఉండి తెలుగు, సంస్కృత కృతులు రాశారు, చివరి దశలో మద్రాసు కళాక్షేత్రంలో పాఠం చెప్పారు. ఆస్థానం నుంచి విద్యాలయానికి, అక్కడి నుంచి రేడియోకు సంగీతం నడిచింది. మన సీమలోనూ అంతే. ‘విద్వద్గద్వాల’ అని పేరు తెచ్చిన సంస్థానం ఏటా పండితులను పిలిచి సత్కరించేది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మా తరానికి సంగీతం రేడియోలో పొద్దున్నే వచ్చే భక్తిరంజని. రాజులిచ్చే శాలువాలు మేం చూడలేదు.

అట్లని మన దగ్గర పాట లేదనుకోవద్దు. మన్యంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు కీర్తనలు పాలమూరు భజన మందిరాల్లో పాడుతూనే ఉన్నారు. అయిజ దగ్గరి ఉత్తనూరులో పద్దెనిమిదో శతాబ్దపు కన్నడ హరిదాసు గోపాలదాసరు నివసించారు. నాగర్‌కర్నూల్ దగ్గర కాలువ పని మీద ఉన్నప్పుడు ఒక ఊరి భజన గుడిలో రెండు మూడు రాత్రులు కూర్చున్నాను. పెద్దాయన చేతిలో అచ్చు పుస్తకం ఉంది, కానీ ఒక్కసారీ దాన్ని తెరవలేదు. పక్కనున్న కుర్రవాడు పుస్తకం చూసి పాడుతున్నాడు, వరుస మాత్రం సినిమా పాటది. నాకు నవ్వొచ్చింది. కొన్నేళ్లకు అటు పోతే పెద్దాయన లేరు. అప్పుడు నవ్వు రాలేదు. ఆ మొదటి రాత్రి నా దగ్గర టేప్ రికార్డర్ ఉంది, గెస్ట్‌హౌస్‌లో పెట్టి వచ్చాను. ఆ తప్పు నాదే.

కాబట్టి మిత్రులకు, గురువులకు నా విన్నపం ఒకటే. సభ రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత పాత ఏడో తరగతి గదిలో కూర్చుంటాం. సారు పాటలో రెండో, మూడో చరణాల వరుస ఎవరికి ఏ ముక్క గుర్తున్నా వచ్చి పాడండి. గొంతు బాగుండాలని లేదు. ఫోన్‌లో రికార్డు చేద్దాం. మన బ్యాచ్‌లలో సంగీతం నేర్చుకున్నవాళ్లు దాన్ని స్వరపరిచి రాసిస్తే సంఘం దాచుకుంటుంది. మీ ఊరి భజన పాటలు తెలిసిన పెద్దలుంటే వాళ్లనూ తోలుకురండి.

మూడో చరణం ఎంతకూ దొరకకపోతే, మనమే మోహనలో కొత్తగా కట్టుకుందాం. పక్కన మాత్రం ‘ఈ వరుస శిష్యులది’ అని రాసిపెడదాం. సారుకు అన్యాయం జరగొద్దు.