మూత్రంలో క్యాల్షియం పరీక్ష: ఒక్కసారి పారబోసినా లెక్క తప్పుతుంది

కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు డాక్టర్లు తరచూ రాసే పరీక్ష, 24 గంటల మూత్రంలో క్యాల్షియం. రక్తంలో క్యాల్షియం ఎక్కువగా కనిపించినప్పుడు, గొంతు దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథుల మీద అనుమానం వచ్చినప్పుడు కూడా దీన్ని చేయిస్తారు. ల్యాబ్‌లో పని కాసేపే. అసలు పనంతా ఇంట్లోనే.

కిడ్నీలు రోజుకు సుమారు 10 గ్రాముల క్యాల్షియాన్ని వడపోసి, దాదాపు 98 శాతం తిరిగి రక్తంలోకి పంపేస్తాయి. మిగిలిన కాస్తే మూత్రంలో పోతుంది. పెద్దవాళ్లలో రోజుకు 100 నుంచి 300 మిల్లీగ్రాములు మామూలు. ఆడవాళ్లకు 250, మగవాళ్లకు 300 దాటితే ఎక్కువ కిందే లెక్క.

ఒక్కసారి పట్టిన మూత్రం చాలదా అని చాలామంది అడుగుతారు. తిండిని బట్టి, తాగిన నీళ్లను బట్టి క్యాల్షియం పూటపూటకూ మారిపోతుంది. పొద్దున గల్లా చూసి రోజు మొత్తం బేరం ఎంతో చెప్పలేం కదా! చిన్నపిల్లలకు మాత్రం రోజంతా పట్టడం కష్టం కాబట్టి, ఒకసారి పట్టిన మూత్రంలోనే క్యాల్షియాన్ని క్రియాటినిన్‌తో పోల్చి చూస్తారు.

పట్టే పద్ధతి ఇలా ఉంటుంది. ఉదయం 7 గంటలకు మొదలుపెడితే, ఆ 7 గంటల మూత్రాన్ని పారబోయాలి. అది రాత్రిది. ఆ తర్వాత ప్రతిసారీ వచ్చినదంతా ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పోయాలి. మర్నాడు ఉదయం 7 గంటలది కూడా కలపాలి. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే: మొదటిది కలిపేస్తారు, చివరిది వదిలేస్తారు. డబ్బాలో అడుగున కొంచెం యాసిడ్ ఉండొచ్చు. క్యాల్షియం అడుగున పేరుకోకుండా అది కాపాడుతుంది. దాన్ని నీళ్లనుకుని కడిగేయకూడదు, నేరుగా డబ్బాలోకి మూత్రం పోయకూడదు. వేరే గిన్నెలో పట్టి పోయాలి. పిల్లలకు అందని చోట పెట్టాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. మొత్తం మూత్రం 1,800 మిల్లీలీటర్లు, ప్రతి 100 మిల్లీలీటర్లలో 15 మిల్లీగ్రాముల క్యాల్షియం. అంటే రోజుకు 270. ఆడవాళ్లలో ఇది ఎక్కువే. మధ్యాహ్నం ఆఫీసులోనో, పెళ్లి ఇంట్లోనో 600 మిల్లీలీటర్లు పోయిందనుకోండి, రిపోర్టులో 180 వస్తుంది. అంతా బాగుందనిపిస్తుంది, రాయి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే డాక్టర్ క్రియాటినిన్ కూడా చూస్తారు. అది మరీ తక్కువ వస్తే మూత్రం పూర్తిగా పట్టలేదని అనుమానిస్తారు. ఒకసారి మరిచిపోతే దాచుకోకుండా చెప్పి, మళ్లీ మొదలుపెట్టడమే నయం.

ఆ రోజు తిండి, నీళ్లు ఎప్పటిలాగే ఉండాలి. పరీక్ష కోసమని పత్యం చేస్తే రోజువారీ సంగతి బయటపడదు. రంజాన్‌లో తినే వేళలు, నీళ్లు తాగే వేళలు మారిపోతాయి కాబట్టి, తొందర లేకపోతే పరీక్ష తర్వాతకు జరపొచ్చా అని డాక్టర్‌ను అడగాలి.

రక్తంలో క్యాల్షియం ఎక్కువ, మూత్రంలో చాలా తక్కువ వస్తే జాగ్రత్తగా ఆలోచించాలి. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే ఒక లక్షణం ఇలాగే కనిపిస్తుంది. పారాథైరాయిడ్ జబ్బులాగే ఉంటుంది కానీ చాలామందికి మందే అక్కర్లేదు, గ్రంథి తీసేసినా క్యాల్షియం తగ్గదు. ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష అడగడానికి కారణం ఇదే. విటమిన్ డి లోపం ఉన్నా మూత్రంలో క్యాల్షియం తగ్గుతుంది కాబట్టి దాన్నీ చూస్తారు.

ఎక్కువ వచ్చిందనగానే ఇంట్లో పాలు, పెరుగు మానిపించేస్తారు. అది తప్పు. ఇటలీలో క్యాల్షియం ఎక్కువగా పోయే 120 మంది మగవాళ్లను 5 ఏళ్లు గమనించి, 2002లో ఫలితాలు వెల్లడించారు. క్యాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు మళ్లీ వచ్చాయి. క్యాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చాయి. ఉప్పు పెరిగేకొద్దీ మూత్రంలో క్యాల్షియం కూడా పెరుగుతుంది. కాబట్టి ముందు చూడాల్సింది పాలగిన్నె కాదు, ఆవకాయ జాడీ.

వాడుతున్న మాత్రల చీటీ కూడా డాక్టర్‌కు చూపించాలి. నీరు తీసే మాత్రల్లో ఫ్యూరోసెమైడ్ క్యాల్షియాన్ని పెంచుతుంది, థయాజైడ్ రకాలు తగ్గిస్తాయి. క్యాల్షియం, విటమిన్ డి మాత్రల సంగతీ చెప్పాలి. ఏదీ సొంతంగా ఆపకూడదు.