రిజర్వుడ్ సీటులో ఏ పార్టీకి ఓటు? కాణిపాకం ఓటరు ముందున్న లెక్క

చిత్తూరు జిల్లా ఐరాల మండలం కాణిపాకం ఓటరుకు సార్వత్రిక ఎన్నికల్లో రెండు ఓట్లుంటాయి. ఒకటి పూతలపట్టు అసెంబ్లీకి, రెండోది చిత్తూరు లోక్‌సభకు. 2008 పునర్విభజన తర్వాత రెండూ ఎస్సీ రిజర్వుడ్ స్థానాలే. ఏ గుర్తు మీద నొక్కినా గెలిచేది దళిత అభ్యర్థే. కాబట్టి "మనవాళ్లకే వేద్దాం" అన్న మాట ఇక్కడ దారి చూపదు. బరిలో ఉన్నవాళ్లంతా మనవాళ్లే. తేల్చుకోవాల్సింది ఆ అభ్యర్థి వెనక ఏ పార్టీ ఉంది, ఆ పార్టీలో ఆ అభ్యర్థి మాట ఎంత చెల్లుతుంది అన్నదే.

సీటు మనది, మెజారిటీ ఎవరిది?

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అంటరాని కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అంటే తమ ప్రతినిధిని తామే ఎన్నుకునే హక్కు. దానికి వ్యతిరేకంగా గాంధీ ఎరవాడ జైలులో నిరాహార దీక్షకు దిగారు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరింది. రాష్ట్రాల చట్టసభల్లో 148 సీట్లు వచ్చాయి. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి ఉమ్మడి నియోజకవర్గాలు మిగిలాయి. దళిత ఓటర్లు ముందుగా నలుగురిని ఎంపిక చేస్తే, వారిలో ఒకరిని ఓటర్లందరూ ఎన్నుకునే ఏర్పాటు ఒకటి ఆ ఒప్పందంలో ఉండేది. రాజ్యాంగం వచ్చాక ఆ తొలి వడపోత కూడా లేదు. అభ్యర్థిని ఎంపిక చేసేది పార్టీ, గెలిపించేది ఉమ్మడి ఓటర్లు.

దీని ఫలితం తొలి ఎన్నికల్లోనే కనిపించింది. 1952లో ఉత్తర బొంబాయి స్థానంలో అంబేడ్కర్ ఓడిపోయారు. ఆయనను ఓడించిన నారాయణ్ కజ్రోల్కర్ కూడా దళితుడే, కాంగ్రెస్ అభ్యర్థి. రిజర్వుడ్ సీటు దళితుడిని సభకు పంపుతుంది. ఏ దళితుడిని పంపాలో మాత్రం దళితులొక్కరే నిర్ణయించలేరు.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎస్సీలు సుమారు 19 శాతం. ఆది ఆంధ్రవాడ ఓట్లతోనే ఇక్కడ ఎవరూ గెలవరు. ఊరి ఓట్లు కూడా పడాలి. అందుకే ఊరికి కోపం తెప్పించని అభ్యర్థినే పార్టీలు వెతుకుతాయి.

పూతలపట్టు చెప్పే పాఠం

2009లో పి. రవి (కాంగ్రెస్), 2014లో ఎం. సునీల్ కుమార్ (వైసీపీ), 2019లో ఎం.ఎస్. బాబు (వైసీపీ), 2024లో కలికిరి మురళీమోహన్ (టీడీపీ). నాలుగు ఎన్నికల్లో నలుగురు ఎమ్మెల్యేలు. గెలిచిన సునీల్ కుమార్‌కు 2019లో పార్టీ మళ్లీ టికెట్ ఇవ్వలేదు. ఆయన స్థానంలో గెలిచిన బాబుకు 2024లో ఇవ్వలేదు. దళిత ఎమ్మెల్యేల టికెట్లే ఎందుకు మారుస్తున్నారని బాబు బహిరంగంగానే ప్రశ్నించి, కాంగ్రెస్‌లో చేరి పోటీ చేశారు. అదే ఏడాది సత్యవేడు (ఎస్సీ) ఎమ్మెల్యే కోనేటి ఆదిమూలాన్ని వైసీపీ తిరుపతి లోక్‌సభకు మార్చింది. ఆయన టీడీపీలో చేరి సత్యవేడులోనే గెలిచారు.

ఇది ఒక్క పార్టీకి పరిమితమైన జబ్బు కాదు. రిజర్వుడ్ సీటు ఎమ్మెల్యేకు సొంత పునాది తక్కువ, అధిష్ఠానం మీద ఆధారం ఎక్కువ. వచ్చేసారి టికెట్ ఉంటుందో లేదో తెలియని మనిషి వాడ తరఫున పార్టీలోని పెద్దకులాల నాయకులతో ఎంతవరకు తగువు పడగలరు? పైగా 1985 నుంచి పదో షెడ్యూలు ఉంది. సభలో విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. ఓటు అభ్యర్థి పేరు మీద పడినా, సభలో నడిచేది పార్టీ నిర్ణయం.

చిత్తూరు లోక్‌సభ లెక్క ఇంకా విచిత్రం. 2014లో దాని ఏడు అసెంబ్లీ స్థానాల్లో చంద్రగిరి, నగరి, గంగాధర నెల్లూరు, పూతలపట్టు, పలమనేరు వైసీపీకి వచ్చాయి. కుప్పం, చిత్తూరు మాత్రమే టీడీపీ గెలిచింది. అయినా ఎంపీగా గెలిచింది టీడీపీ అభ్యర్థి ఎన్. శివప్రసాద్. చంద్రబాబు నాయుడు సొంత నియోజకవర్గం కుప్పం ఇచ్చే ఆధిక్యం అంత బరువైనది.

రెండు ఓట్లు, రెండు పనులు

రెండు ఓట్లూ ఒకే గుర్తుకు వెయ్యాలన్న నియమం లేదు. ఏ ఓటు ఏ పనికి పనికొస్తుందో తెలిస్తే నిర్ణయం సులువవుతుంది.

అసెంబ్లీ ఓటు: డీకేటీ పట్టాలు, ఇళ్ల స్థలాలు, శ్మశాన భూమి, హాస్టళ్లు, పోలీస్ స్టేషన్, సబ్‌ప్లాన్ నిధులు, దేవస్థానాల పాలకమండళ్ల నియామకాలు.

లోక్‌సభ ఓటు: రాజ్యాంగ సవరణలు, రిజర్వేషన్లు, అట్రాసిటీ చట్టం, ప్రభుత్వ రంగ సంస్థల అమ్మకం. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పు అట్రాసిటీ చట్టాన్ని నీరుగార్చింది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు బంద్ చేశారు. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత బలం తెచ్చింది. ఆ పని అసెంబ్లీ చేయగలిగేది కాదు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. నిర్ణయం మాత్రం పార్లమెంటు చేతిలోనే ఉంది.

పార్టీని కొలిచే ప్రశ్నలు

మేనిఫెస్టో కంటే రికార్డు నమ్మదగినది. అధికారంలో ఉన్న పార్టీనీ, ఇంతకుముందు ఉన్న పార్టీనీ ఇవే ప్రశ్నలు అడగాలి.

1. భూమి: 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు, అన్యాక్రాంతమైతే తిరిగి ఇప్పించాలి. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై పూర్తి హక్కులకు దారి తెరిచింది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టింది. మన మండలంలో చేతులు మారిన డీకేటీ భూమిలో ఎంత తిరిగి ఇప్పించారు?

2. సబ్‌ప్లాన్: 2013 చట్టం ప్రకారం జనాభా దామాషాలో నిధులు కేటాయించాలి. 2023లో దాన్ని మరో పదేళ్లు పొడిగించారు. అందరికీ ఇచ్చే పథకంలో ఎస్సీల వాటాను కూడా సబ్‌ప్లాన్ ఖర్చుగా రాసుకుంటే ఆ చట్టం దేనికి? వాడకు ప్రత్యేకంగా వచ్చిన పని ఏది?

3. దాడులు: 1995 నిబంధనల ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర విజిలెన్స్ కమిటీ ఏడాదికి రెండుసార్లు, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఎన్నిసార్లు కూర్చున్నారో ఆర్టీఐ దరఖాస్తుతో తెలుసుకోవచ్చు.

4. టికెట్లు: రాష్ట్రంలోని 175 అసెంబ్లీ సీట్లలో 29 ఎస్సీలకు రిజర్వు. వాటిని పక్కనపెట్టి, జనరల్ సీట్లలో ఆ పార్టీ ఎంతమంది దళితులను నిలబెట్టింది?

5. వర్గీకరణ: 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు అనుమతి ఇచ్చింది. 2025లో రాష్ట్రం 15 శాతాన్ని 1, 6.5, 7.5గా మూడు గ్రూపులకు పంచింది. దీన్ని మాల, మాదిగ కుటుంబాలు ఒకేలా చూడవు, చూడాల్సిన పనీ లేదు. కానీ పై నాలుగు ప్రశ్నలు ఇద్దరివీ.

పెద్ద పార్టీలు నచ్చకపోతే సొంత పార్టీకి వేయడం వృథా కాదు. ఓట్ల సంఖ్య తర్వాతి బేరానికి బలం. నోటా మాత్రం ఫలితాన్ని మార్చదు. నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు.

డబ్బు, ప్రమాణం, భయం

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయకూడదన్నది ఈ ప్రాంతపు నమ్మకం. "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని నాయకులు సవాళ్లు విసురుకోవడం మామూలే. అదే నమ్మకాన్ని ఓటరు మీదికి తిప్పి, డబ్బు చేతిలో పెట్టి ఒట్టు వేయించుకోవడమే సమస్య. ఓటు కోసం డబ్బు ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. నేరం కోసం వేయించిన ఒట్టుకు చట్టంలో విలువ లేదు.

ఓటు రహస్యం. వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. అయితే బూత్‌లవారీ లెక్కలు బయటికొస్తాయి. వాడకు విడిగా బూత్ ఉంటే, ఎవరు వేశారో తెలియకపోయినా వాడ ఎటు మొగ్గిందో ఊరికి తెలుస్తుంది. ఎన్నికల తర్వాత నీళ్లు, కూలిపనులు ఆపే బెదిరింపులకు మూలం ఇదే. దీనికి మందు ఏ ఒక్క ఓటరు దగ్గరా లేదు, వాడ అంతా కలిసి నిలబడాలి.

ఫలానావారికే వేయమని, లేదా అసలు వేయవద్దని ఎస్సీ, ఎస్టీ ఓటరును ఇతర కులస్తులు బెదిరిస్తే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎల్) కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. నామినేషన్ వేయకుండా అడ్డుకున్నా ఇదే సెక్షన్. డబ్బు పంపిణీని సీ-విజిల్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయవచ్చు. జాబితాలో పేరు చేర్చడానికి ఫారం 6, తప్పులు దిద్దడానికి ఫారం 8, సమాచారానికి 1950 నంబరు.

2029 ఎందుకు కీలకం

చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ల గడువు 104వ సవరణ ప్రకారం 2030 జనవరి 25తో ముగుస్తుంది. అంతకుముందే పార్లమెంటు పొడిగించాలి. మామూలు గడువు ప్రకారం లోక్‌సభ ఎన్నికలు 2029లో రావాలి. 2026 తర్వాతి తొలి జనగణన ఆధారంగా జరిగే పునర్విభజనలో పూతలపట్టు, చిత్తూరు రిజర్వుడుగా ఉంటాయో లేదో కూడా ఎవరూ ఇప్పుడే చెప్పలేరు. కాబట్టి ఓటడగడానికి వచ్చే ప్రతి పార్టీని మరో రెండు మాటలు అడగాలి: పొడిగింపుకు ఓటేస్తారా? పునర్విభజనలో మా సీట్ల గురించి మీ వైఖరి ఏమిటి? జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద సంతకంతో తీసుకోవాలి. ఆ కాగితం కాపీ వాడలో ఉంటే, ఐదేళ్ల తర్వాత వచ్చినవాళ్లకు చూపించడానికి మన దగ్గర ఒక ఆధారం ఉంటుంది.