డబుల్స్ సగం ఆట కాదు

మా గోదావరి జిల్లాల పల్లెల్లో ఒకప్పుడు బ్యాడ్మింటన్ అంటే ఈకల షటిల్ కాదు, పసుపుపచ్చ ఊలు బంతి. బాల్ బ్యాడ్మింటన్ అన్నమాట. తంజావూరు వైపు పుట్టిన ఆట అంటారు. 1954లో దానికి జాతీయ సమాఖ్య ఏర్పడింది. మన తెలుగువాడు జమ్మలమడక పిచ్చయ్య గారు 1970లో ఆ ఆటకే అర్జున అవార్డు అందుకున్నారు. షటిల్ బరువు ఐదు గ్రాములు, కాస్త గాలి తగిలితే చాలు దారి తప్పుతుంది. ఊలు బంతి ముప్ఫై గ్రాములకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, సాయంత్రం కాలవగట్టు మీద నుంచి వచ్చే గాలికి కూడా తట్టుకుని నిలుస్తుంది. పైకప్పున్న హాలు అక్కర్లేదు. బడి ఆవరణలో రెండు గుంజలు పాతి వల కడితే ఇటు ఐదుగురు, అటు ఐదుగురు నిలబడేవారు.

నేను ద్రాక్షారామంలో ఉంటాను, డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాను. నా ఉద్యోగ కాలంలోనే ఊలు బంతి పోయి షటిల్ వచ్చింది. ఐదుగురు కలిసి ఆడిన నేల మీద షటిల్ రాగానే అందరి చూపూ సింగిల్స్ మీదకి పోయింది. అందులో వింతేం లేదు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, ఆ తర్వాత సైనా, శ్రీకాంత్, సింధు. గెలిచినవాళ్ళందరూ ఒంటరిగా గెలిచినవాళ్ళే. దాంతో బడి పోటీల్లో మేమూ ఒక అలవాటు చేసుకున్నాం. మొదటివాడికి సింగిల్స్, మిగిలిన ఇద్దరికీ డబుల్స్. గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కలిసి 2010 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2011 ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చినా ఆ అలవాటు మారలేదు. "డబుల్స్ అంటే సగం ఆటే కదండీ మాస్టారూ" అని ఓ తండ్రి నా మొహం మీదే అన్నాడు.

ఆ మాటకి జవాబు అమలాపురం నుంచి వచ్చింది. మాకు దూరమేం కాదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం, అక్కణ్ణించి అమలాపురం. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగస్టు 13న ఆ ఊళ్ళో పుట్టాడు. తండ్రి నాలాగే వ్యాయామ ఉపాధ్యాయుడు, రాష్ట్రస్థాయిలో ఆడినవారు. అన్న కూడా ఆటగాడే. సాత్విక్ 2014లో హైదరాబాదులో గోపీచంద్ అకాడమీలో చేరాడు. జూనియర్లలో కృష్ణప్రసాద్ గరగతో జంటగా ఆడాడు. 2016లో మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతణ్ణి ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిపాడు.

ఆ కలపడంలోనే చిక్కుంది. ఇద్దరూ వెనక నిలబడి స్మాష్ కొట్టేవాళ్ళే. డబుల్స్‌లో ఒకడు వెనక నుంచి బాదితే రెండోవాడు వల దగ్గర కాచుకుని, అరకొరగా తిరిగొచ్చిన షటిల్‌ని కిందకి తొక్కేయాలి. ఇద్దరూ వెనకే ఉంటే ముందు ఖాళీ. ఇద్దరికీ ఈ జోడీ కుదురుతుందన్న నమ్మకం మొదట్లో లేదు. చివరికి చిరాగ్ ముందుకొచ్చి వల దగ్గర ఆట నేర్చుకున్నాడు. సాత్విక్ స్మాష్ గురించి అందరూ చెబుతారు కానీ, ఆ స్మాష్‌కి అర్థం వచ్చింది చిరాగ్ ముందుకి కదిలాకే.

2018 కామన్వెల్త్ క్రీడల్లో రజతం వచ్చింది. 2019 ఆగస్టులో థాయిలాండ్ ఓపెన్ ఫైనల్లో అప్పటి ప్రపంచ విజేతలైన చైనా జోడీ లీ జున్‌హుయ్, లియు యుచెన్‌లను ఓడించారు. అప్పటికి మనవాడికి పందొమ్మిదేళ్ళు నిండలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో మూడింట రెండు మ్యాచులు గెలిచారు. మొదటి మ్యాచ్‌లో వీళ్ళ చేతిలో ఓడిన తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చీ లిన్ ఆఖరికి స్వర్ణం ఎత్తుకుపోయారు. వీళ్ళు మాత్రం గేముల లెక్కలో వెనకబడి గ్రూపులోనే ఆగిపోయారు.

అమలాపురం ఉన్న కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. నెలన్నర తిరగకుండా, మే 15న, బ్యాంకాక్‌లో పురుషుల జట్ల పోటీ థామస్ కప్ ఫైనల్. ఎదుట ఇండోనేసియా. లక్ష్యసేన్ మొదటి మ్యాచ్ గెలిచాక సాత్విక్, చిరాగ్ అహసాన్, సుకముల్జోల మీద దిగారు. మొదటి గేమ్ 18-21తో పోయింది. రెండో గేమ్‌లో నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకున్నారు. అందులో ఏ ఒక్కటి జారినా అక్కడితో సరి. 23-21తో గట్టెక్కి, మూడోది 21-19తో ముగించారు. తర్వాత గుంటూరు కుర్రాడు శ్రీకాంత్ గెలిచి కప్పు ఖాయం చేశాడు. 1949 నుంచి జరుగుతున్న పోటీలో భారత్ గెలవడం అదే మొదలు.

2023లో ఏప్రిల్ 14న జపాన్‌లోని యోనెక్స్ కర్మాగారం జిమ్నాజియంలో సాత్విక్ స్మాష్‌ని కొలిచారు. గంటకి 565 కిలోమీటర్లు. పదేళ్ళ పాటు మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేర ఉన్న 493 చెరిగిపోయింది. అది రాకెట్టు వదిలిన క్షణంలో వేగం. వల దాటేసరికే ఈకలు గాలిని పట్టి షటిల్‌ని బాగా నెమ్మదింపజేస్తాయి. అందుకే వేగం ఒక్కటే మ్యాచ్ గెలిపించదు.

దానికి రుజువు మలేసియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్. 2023 జూన్ దాకా మనవాళ్ళు వాళ్ళతో ఆడిన ఎనిమిదిసార్లూ ఓడారు. జూన్ 18న జకార్తాలో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో 21-17, 21-18తో ఆ బాకీ తీర్చారు. సూపర్ 1000 అనే పెద్ద టోర్నీల స్థాయిలో మన డబుల్స్ జోడీకి అదే తొలి టైటిల్. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల సెమీస్‌లోనూ వాళ్ళనే ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ వెంటనే ప్రపంచంలో మొదటి ర్యాంకు. పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మాత్రం అదే జోడీ మొదటి గేమ్ పోగొట్టుకుని కూడా వీళ్ళని ఇంటికి పంపింది. ఏడాది తిరిగాక 2025 ప్రపంచ పోటీలు అదే పారిస్‌లో, అదే అరీనాలో జరిగాయి. ఆ జోడీనే క్వార్టర్స్‌లో రెండు గేముల్లో ఓడించి కాంస్యం పట్టుకొచ్చారు.

సింగిల్స్‌లో ఓడినవాడు తన తప్పు తానే దిద్దుకుంటాడు. ఇక్కడ ఇద్దరూ కలిసి దిద్దుకోవాలి, ఒకడి తప్పుకి రెండోవాడు మొహం చిట్లించకుండా. ఊలు బంతి ఆటలో ఐదుగురి మధ్య మా తరం నేర్చుకున్నది ఇదే. ఇప్పుడు బడుల్లో ఉన్న డ్రిల్లు మాస్టర్లకి ఒక్కటే చెబుతాను. మండల పోటీలకి పేర్లు రాసేటప్పుడు డబుల్స్ జోడీని ముందు ఎంచండి. సింగిల్స్‌లో మిగిలినవాళ్ళతో ఆ గడి నింపకండి. ఎవడు వెనక బాదగలడో, ఎవడు వల దగ్గరకి కదలగలడో చూసి జతకట్టండి. అమలాపురంలో పుట్టింది ఒక స్మాషే కావచ్చు, దాన్ని పతకంగా మార్చింది మాత్రం జోడీ.