పాత మారుతి 800 కారు నిర్వహణ, మార్పులు

మారుతి 800 భారతదేశంలో 1983 డిసెంబరు నుండి 2014 జనవరి వరకు ఉత్పత్తి అయిన చిన్న హాచ్‌బ్యాక్ కారు. జపానుకు చెందిన సుజుకి సంస్థ సాంకేతిక సహకారంతో మారుతి ఉద్యోగ్ సంస్థ హర్యానాలోని గుర్‌గావ్ కర్మాగారంలో దీనిని తయారుచేసింది. మూడు దశాబ్దాలలో 25 లక్షలకు పైగా అమ్ముడైన ఈ కారు అనేక మధ్యతరగతి కుటుంబాలకు మొదటి కారు. ఉత్పత్తి ఆగిపోయినప్పటికీ నేటికీ చాలా కార్లు వాడుకలో ఉన్నాయి. ఇటువంటి పాత కారును సురక్షితంగా నడుపుకొనుటకు అవసరమైన నిర్వహణ, అందులో చేయదగిన, చేయకూడని మార్పులు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేపథ్యం

మొదటి మారుతి 800 కారును 1983 డిసెంబరు 14న నాటి ప్రధానమంత్రి ఇందిరా గాంధీ కొనుగోలుదారుకు అందజేశారు. సుజుకి ఫ్రాంటె కారు ఆధారంగా వచ్చిన ఈ మొదటి నమూనా స్థానంలో 1986లో ఆల్టో ఆధారంగా రూపొందిన రెండవ నమూనా వచ్చింది. నేడు రోడ్లపై కనిపించేవి ఎక్కువగా ఈ రెండవ నమూనా కార్లే. 2000వ సంవత్సరంలో కార్బురేటరు స్థానంలో ఇంధనాన్ని నేరుగా చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి ప్రవేశించింది. భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో 2010 ఏప్రిల్ నుండి హైదరాబాదుతో సహా 13 నగరాలలో ఈ కారు అమ్మకాలు నిలిచిపోయాయి. 2014 జనవరి 18న ఉత్పత్తి పూర్తిగా ఆగింది.

సాంకేతిక వివరాలు

ఈ కారులో 796 సి.సి. సామర్థ్యం గల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉంటుంది. శక్తి సుమారు 37 హార్స్ పవర్. ఇంజను ముందుభాగంలో అడ్డంగా అమర్చబడి ముందు చక్రాలను నడుపుతుంది. ఎక్కువ కార్లకు నాలుగు గేర్లు మాత్రమే ఉన్నాయి. కారు పొడవు 3,335 మి.మీ., వెడల్పు 1,440 మి.మీ., బరువు సుమారు 650 కిలోలు. ఇంత తక్కువ శక్తితో ఈ కారు చురుకుగా నడవడానికి కారణం దాని తక్కువ బరువే. బ్రేకులు, స్ప్రింగులు, చక్రాలు అన్నీ ఈ బరువుకు, ఈ వేగానికి తగినట్లుగానే రూపొందించబడినవి. అందువలన ఒక భాగాన్ని మార్చినప్పుడు దాని ప్రభావం మిగిలిన భాగాలపై ఎలా ఉంటుందో ముందుగా ఆలోచించవలసి ఉంటుంది.

నిర్వహణ

ఇంజను: కామ్‌షాఫ్టును తిప్పే టైమింగ్ బెల్టు రబ్బరుతో చేసినది. కారు తక్కువగా తిరిగినా వయసు వలన రబ్బరు పగుళ్ళిస్తుంది. బెల్టు తెగితే ఇంజను హఠాత్తుగా ఆగిపోతుంది, వాల్వులు కూడా దెబ్బతినవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకు బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే వెంటనే మార్పించుట మంచిది. సైలెన్సరు నుండి నీలిరంగు పొగ వస్తుంటే పిస్టన్ రింగులు లేదా వాల్వు సీళ్ళు అరిగి ఇంజను ఆయిలు మండిపోతున్నదని అర్థం. నల్లని పొగ వస్తే పెట్రోలు అవసరానికి మించి చేరుతున్నదని గ్రహించాలి.

శీతలీకరణ: ఇంజను వేడెక్కుతున్నదని కొందరు మెకానిక్కులు థర్మోస్టాట్ వాల్వును తీసివేస్తుంటారు. ఇది సరియైన పద్ధతి కాదు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజను తగిన ఉష్ణోగ్రతకు చేరుటకు ఎక్కువ సమయం పడుతుంది. దానివలన పెట్రోలు ఖర్చు, అరుగుదల రెండూ పెరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం మూసుకుపోయిన రేడియేటరు, పనిచేయని ఫ్యాను, కారుతున్న గొట్టం లేదా వాటరు పంపు అయి ఉండవచ్చు. రేడియేటరులో కుళాయి నీటికి బదులు కూలెంటు పోయాలి. కుళాయి నీటిలోని లవణాలు లోపల పేరుకుపోతాయి.

ఇంధన వ్యవస్థ: 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే సుమారు మూడవ వంతు తక్కువ కనుక మైలేజి కొంత తగ్గుతుంది. అంతకంటె ముఖ్యమైన విషయం రబ్బరు భాగాలది. పాత కార్ల ఇంధన గొట్టాలు, కార్బురేటరు గాస్కెట్లు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో ఉంచుకొని చేసినవి కావు. అవి ఉబ్బి లేదా గట్టిపడి పగిలితే పెట్రోలు వేడి ఇంజనుపై పడి మంటలు రేగే ప్రమాదం ఉంది. బానెట్ తెరచినప్పుడు పెట్రోలు వాసన వస్తే కారణం తెలిసేవరకు కారు నడపరాదు. గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకొనే రకంతో మార్పించుట ఉత్తమం. దీనికి అయ్యే ఖర్చు స్వల్పం.

బ్రేకులు: బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది. తిరుమల, శ్రీశైలం వంటి ఘాట్ రోడ్లలో దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే ఆయిలు మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. అప్పుడు పెడలు నేలకు తగిలినా బ్రేకు పడదు. కనుక రెండేళ్ళకు ఒకసారి బ్రేకు ఆయిలు మార్చాలి. దిగుడు దారిలో తక్కువ గేరులో నడపాలి.

ఇరుసులు: కారును పూర్తిగా మలుపు తిప్పినప్పుడు ముందు చక్రాల నుండి టక్ టక్ మని శబ్దం వస్తే ఇరుసు చివరి జాయింటు అరిగినదని అర్థం. దానిపై ఉండే రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు పోవడం, దుమ్ము చేరడం దీనికి కారణం. చిరుగును తొలిదశలోనే గమనిస్తే తొడుగు మార్పుతో సరిపోతుంది.

తుప్పు: పాత మారుతి 800కు ప్రధాన శత్రువు తుప్పు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలి వలన ఇది వేగంగా వ్యాపిస్తుంది. మ్యాట్ల కింద నేల రేకు, తలుపుల అడుగు అంచులు, బ్యాటరీ కింది పళ్ళెం, ముందు షాకబ్జార్బర్లు బిగించిన చోటు ముఖ్యంగా పరిశీలించాలి. తుప్పుపై పుట్టీ పెట్టి రంగు వేస్తే లోపం కనిపించదు గానీ రేకు లోపల తినివేయబడుతూనే ఉంటుంది. పాడైన రేకును కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి.

మార్పులు

టైర్లు: ఈ కారుకు 12 అంగుళాల చక్రాలు, 145/70 ఆర్ 12 టైర్లు ఉంటాయి. కొందరు 13 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయిస్తారు. ఉదాహరణకు 145/70 ఆర్ 13 టైరు వేస్తే చక్రం బయటి వ్యాసం 508 మి.మీ. నుండి 533 మి.మీ.కు, అనగా 5 శాతం పెరుగుతుంది. అప్పుడు స్పీడోమీటరు గంటకు 60 కి.మీ. చూపినపుడు నిజవేగం 63 కి.మీ. ఉంటుంది. స్టీరింగ్ బరువెక్కడం, టైరు ఫెండరుకు రాసుకోవడం కూడా జరుగవచ్చు.

దీపాలు: హెడ్‌లైట్లకు 60/55 వాట్ల బల్బులు ఉంటాయి. వాటికి బదులు 100/90 వాట్ల బల్బులు పెడితే తీగలు, స్విచ్చి వేడెక్కి కరిగిపోవచ్చు. ఎదుటివారి కళ్ళు కూడా చెదురుతాయి. మసకబారిన అద్దాలు మార్చి, తీగల కలయికలు శుభ్రం చేయిస్తే అసలు బల్బులతోనే వెలుతురు మెరుగవుతుంది.

ఇంజను మార్పిడి: మారుతి జెన్ యొక్క 993 సి.సి. ఇంజనును ఇందులో అమర్చడం ఔత్సాహికులలో ప్రసిద్ధి పొందిన మార్పు. వేగం పెరుగుతుంది గానీ బ్రేకులు పాతవే ఉంటే ఆ వేగం ప్రమాదకరం. ఈ కారులో ఎయిర్‌బ్యాగులు లేవనే విషయం కూడా గుర్తుంచుకోవాలి. సీటు బెల్టులు పట్టుతప్పి ఉంటే మొదట మార్చవలసినవి అవే.

గ్యాసు: 2008లో కర్మాగారం నుండే ఎల్‌పిజి కిట్టుతో కొన్ని కార్లు వచ్చాయి. ఇతర కార్లకు ఆమోదం పొందిన కిట్టును అధీకృత కేంద్రంలో అమర్చుకొని రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించాలి. సిఎన్‌జి సిలిండరును మూడేళ్ళకు ఒకసారి పరీక్ష చేయించాలి. వంటగ్యాసు సిలిండరును కారులో ఇంధనంగా వాడటం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ విభాగం ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. ఇంజను మార్పిడికి రిజిస్ట్రేషను అధికారి అనుమతి అవసరం. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలుశిక్ష లేదా రెండూ విధించవచ్చు.

సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత వాహనాన్ని తనిఖీ చేయించి ఐదేళ్ళకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో హరిత పన్ను కూడా చెల్లించాలి. భారత్ స్టేజ్ 2కు ముందు తయారైన పెట్రోలు కార్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించరాదు.

విడిభాగాలు

అధిక సంఖ్యలో అమ్ముడైన కారు కావడం వలన దీని విడిభాగాలు సులభంగానే దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత కార్ల నుండి తీసిన తలుపులు, గేర్‌బాక్సులు లభిస్తాయి. అయితే బ్రేకు, స్టీరింగ్ భాగాలు, టైర్లు మాత్రం ఎప్పుడూ కొత్తవే కొనాలి.

1983లో అందజేసిన మొదటి మారుతి 800ను దాని యజమాని 2010లో మరణించేవరకు ఉంచుకున్నారు. తరువాత అది ఇంటి బయట తుప్పు పట్టిపోయింది. ఆ కారును అసలు విడిభాగాలతో తిరిగి పూర్వరూపానికి తెచ్చి 2022లో మారుతి సుజుకి ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు ఉంచారు.

ఇవి కూడా చూడండి

మారుతి సుజుకి
మోటారు వాహనాల చట్టం, 1988
కార్బురేటరు
ఆటోనగర్, విజయవాడ